బెంగళూరులో పనసపొట్టు ఎక్కడ దొరుకుతుంది? యాప్‌లో తెప్పిస్తే ముద్ద అయ్యింది

పుట్టిల్లు_అమలాపురం
హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఉంటాం. వచ్చే ఆదివారం అత్తగారూ మామగారూ వస్తున్నారు. ఫోన్లోనే చెప్పేశారు, ఆవ పెట్టిన పనసపొట్టు కూర కావాలని. సరే, ముందు ఒకసారి చేసి చూద్దామని డెలివరీ యాప్‌లో "పచ్చి పనస ముక్కలు" అని కనిపిస్తే అర కిలో తెప్పించాను. పాకెట్ తెరిస్తే అగ్గిపెట్టెంత ముక్కలు, మధ్యలో గట్టి గింజలు, గింజ మీద ప్లాస్టిక్ కాయితం లాంటి పొర. మిక్సీలో తిప్పితే సగం పేస్టు, సగం పీచు. ఉడికించాక ఇంకా ఘోరం. పైగా నోట్లో పెట్టుకుంటే ఓ మూల తీపి! మా ఆయన మర్యాదగా రెండుసార్లు వడ్డించుకుని తిని, "బావుంది, ఇంతకీ ఇదేంటి?" అన్నారు.

మా ఊళ్ళో అమ్మ ఎప్పుడూ బజార్లో కొట్టించిన పొట్టే తెచ్చేది. కాయని కాయగా నేనెప్పుడూ ఇంట్లో చూడలేదు. ఈ ఊళ్ళో కొట్టిన పొట్టు దొరుకుతుందా? దొరక్కపోతే కాయ తెచ్చి ఇంట్లో చేసుకునే పనేనా? అపార్ట్‌మెంటు వంటింట్లో, గ్రానైటు బండ మీద?

సిల్కుబోర్డు_బాధితుడు
రెండుసార్లు వడ్డించుకుని తర్వాత అడిగారు చూడండి, ఆ మనిషిని జాగ్రత్తగా చూసుకోండి.

గోదారి_గట్టు
లోపం మీ చేతిలో లేదు, కాయలో ఉంది. వాళ్ళు పంపింది ముదురు కాయ. పొట్టుకి గింజ పట్టని లేత కాయ కావాలి. కోస్తే లోపలంతా ఒకే తెలుపు ఉండాలి, తొన ఇదీ పీచు ఇదీ అని విడిగా తెలియకూడదు. గింజ ఆనవాలు ఉన్నా గోరు నొక్కితే దిగిపోవాలి. మీరు చెప్పిన ప్లాస్టిక్ పొర వచ్చేసిందంటే పొట్టు దశ దాటిపోయినట్టే. దాంతో బిర్యానీ చేసుకోవచ్చు, మసాలా కూర చేసుకోవచ్చు, పొట్టు కూర మాత్రం కాదు. తొన కట్టడం మొదలైతే తీపీ మొదలవుతుంది. మీ నోటికి తగిలింది అదే.

ఏప్రిల్ సగానికి వచ్చాం కాబట్టి ఇంకా లేత కాయ దొరుకుతుంది, కాకపోతే వెతకాలి. మే దాటితే ఆశ వదిలేసి పండు కోసం చూడండి.

రాగిముద్ద_రాజా
అనంతపురం వాణ్ణి. పొట్టు కొట్టించడం అంటే ఏంటి సార్? మాకు పనస అంటే బండి మీద తొనలు కొనుక్కుని తినడమే. దాంతో కూర వండుతారని ఈ ఊరొచ్చి గోదావరి రూమ్మేటు తగిలాకే తెలిసింది. వాడు ఆ కూర గురించి మాట్లాడినంతసేపు వాళ్ళ అమ్మానాన్నల గురించి కూడా మాట్లాడడు.

గోదారి_గట్టు
@రాగిముద్ద_రాజా చెప్తా వినండి. రాజమండ్రి, అమలాపురం బజార్లలో పొట్టు కొట్టేవాళ్ళ దగ్గర కాసేపు నిలబడితే కాళ్ళు కదలవు. ముందు చేతులకీ కత్తికీ నూనె రాస్తారు. ముళ్ళ చెక్కు మందంగా చెక్కేస్తారు, పచ్చదనం ఎక్కడా మిగలకుండా. ఇక తెల్లటి కాయ తొడిమ ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేత్తో బరువైన కత్తితో టకటకా గాట్లు. కాయ తిప్పుతూ నిలువుగా కొన్ని, వాటి మీద అడ్డంగా కొన్ని. బాగా గాట్లు పడ్డాక కత్తి కాస్త వాల్చి పైపైన చెక్కితే పొట్టు జలజలా రాలుతుంది. మళ్ళీ గాట్లు, మళ్ళీ చెక్కడం, మధ్యలో దూట వచ్చేదాకా. దూట పారేస్తారు. ఆ మనిషి మనతో మాట్లాడుతూనే ఉంటాడు, కత్తి దారి కత్తిదే.

ఇలా కొడితే ప్రతి రేకూ విడివిడిగా ఉంటుంది. కూరయ్యాక కూడా పొడిపొడిగా ఉండేది అందుకే. మిక్సీలో ఆ సుఖం లేదు.

పనిలోపని
@గోదారి_గట్టు మిక్సీ పనికిరాదని తీర్మానం చేసేయకండి. లేత కాయ అయితే అంగుళం ముక్కలు చేసి, కొద్దికొద్దిగా వేసి, ఒక్క క్షణం తిప్పి ఆపి, మళ్ళీ ఒక్క క్షణం. మా ఇంట్లో ఏళ్ళ తరబడి ఇంతే. ఎక్కువ వేసి బటన్ మీద చెయ్యి అలాగే ఉంచితే చట్నీ అవుతుంది, అది మిక్సీ తప్పు కాదు. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళం, కత్తి పట్టుకుని బజారు మనిషిలా కూర్చోవడం మావల్ల కాదు.

గోదారి_గట్టు
చేసుకోండి, ఎవరు వద్దన్నారు. దానిపేరు పనస కోరు అని పెట్టుకోండి.

మంగళూరు_కోడలు
తణుకు దగ్గర పుట్టి మంగళూరు ఇంటికి కోడలిగా వెళ్ళాను, ఇప్పుడు బసవనగుడి కాపురం. కాయ విషయం నాకు వదిలేయండి. మీరు కొట్లో "పనసకాయ" అనో "హలసినకాయి" అనో అడిగితే ఏది ఉంటే అది చేతిలో పెడతారు. కన్నడంలో "ఎళె హలసినకాయి" అని అడగండి. మంగళూరు సరుకులు అమ్మే కొట్టయితే "గుజ్జె" అంటే చాలు, తుళువాళ్ళు లేత కాయని అలాగే అంటారు. గాంధీబజారులో, మల్లేశ్వరం మార్కెట్లో సీజన్లో కనిపిస్తుంది. పొద్దున్నే వెళ్ళండి. మా అత్తగారు గుజ్జె పల్య కొబ్బరి వేసి చేస్తారు, అద్భుతంగా ఉంటుంది కానీ ఆవ ఉండదు. పెళ్ళయిన కొత్తలో నేను ఆవ పెట్టి చేస్తే ఇల్లంతా తుమ్ములు.

మడివాళ_మూడో_అంతస్తు
మలయాళీ కొట్లు ఎందుకు మర్చిపోతారు? మడివాళ మార్కెట్ వైపు "ఇడిచక్క" అని అడగండి. వాళ్ళు తోరన్, అంటే కొబ్బరి వేసిన కూర, చేసుకునేది మన పొట్టు దశ కాయతోనే. చెక్కు తీసి ముక్కలు చేసి కూడా అమ్ముతారు. హెచ్‌ఎస్‌ఆర్ నుంచి మీకు దగ్గర కూడా. కేరళ 2018లో పనసని అధికారికంగా రాష్ట్ర ఫలం చేసుకుంది, వాళ్ళకి తెలియని దశ ఉండదు.

సిల్కుబోర్డు_బాధితుడు
హెచ్‌ఎస్‌ఆర్ నుంచి మడివాళ దగ్గరట! మధ్యలో సిల్కుబోర్డు ట్రాఫిక్కు ఉందండీ. లేత కాయ కొని బయల్దేరితే ఇంటికి చేరేసరికి పండుతుంది.

పుట్టిల్లు_అమలాపురం
@సిల్కుబోర్డు_బాధితుడు 😂 నిజమే.
@మంగళూరు_కోడలు గుజ్జె అనే మాట రాసుకున్నాను. మరి చెక్కు తీయడం, జిగురు సంగతి? గ్రానైటు పాడైతే ఓనరు అడ్వాన్సులో కోస్తాడు.

ఉద్దానం_ఊసులు
జిగురుకి నీళ్ళు శత్రువు అని గుర్తుపెట్టుకోండి. సబ్బూ నీళ్ళూ పోస్తే ఇంకా అంటుకుంటుంది. ముందు నూనె, తర్వాత సబ్బు. చేతులకి మోచేతి దాకా కొబ్బరినూనె, కత్తికి రెండు వైపులా, బండ మీద పాత న్యూస్‌పేపర్లు మందంగా. తొడిమ కోయగానే పాలు కారతాయి, కాసేపు తలకిందులుగా నిలబెట్టి కారనివ్వండి. కారినవి కాయితంతో తుడిచేయండి. ఉతికే బట్టతో తుడిస్తే ఆ బట్ట ఇక అంతే. కోసిన ముక్కలు వెంటనే పల్చటి మజ్జిగలోనో పసుపు ఉప్పు వేసిన నీళ్ళలోనో పడేయాలి, లేకపోతే నల్లబడతాయి.

మాది కవిటి వైపు. జీడి, కొబ్బరి, పనస, ఈ మూడే మా బతుకు. లేత కాయలు లారీలకెత్తి ఒడిశా వైపూ ఉత్తరాదికీ పంపేస్తాం. కాయ కిందికి దించేవాళ్ళ బట్టలు చూడాలి, జిగురు మరకలతో గట్టిపడి వాటంతటవే నిలబడతాయి. ఇక్కడ బెంగళూరు సూపర్‌మార్కెట్లో అరచేతంత ముక్కకి వేసిన రేటు చూస్తే మా నాన్నకి చెప్పడానికి మనసు రాలేదు.

పెద్దక్క_పెనుగొండ
కాయ దొరికాక అసలు కూర పాడుచేసుకునేవాళ్ళే ఎక్కువ. నేను చేసే పద్ధతి:

పొట్టులో ఉప్పు, పసుపు వేసి, మునిగీ మునగనట్టు నీళ్ళు పోసి ఉడికించాలి. కుక్కరైతే ఒక్క కూత, అంతకు మించితే మెత్తబడుతుంది. చిల్లుల పళ్ళెంలో వార్చి, చల్లారాక గుప్పిట్లో పెట్టి గట్టిగా పిండాలి. ఇక్కడే అందరూ బద్ధకిస్తారు. నీరు మిగిలితే కూర ముద్ద.

మూకుడులో నూనె కాస్త ఎక్కువే పోసుకోండి. శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఆవాలు, ఇంగువ, జీడిపప్పు. తర్వాత పచ్చిమిర్చి, అల్లం తరుగు, కరివేపాకు. చిక్కటి చింతపండు పులుసు పోసి, దగ్గరపడి నూనె తేలేదాకా ఉంచి, అప్పుడు పొట్టు వేసి కలపాలి. సన్నని సెగ మీద పులుసు పొట్టుకి పట్టేదాకా మగ్గనిచ్చి దించేయాలి. బాగా చల్లారాక ఆవముద్ద కలపాలి. గుమ్మడి వడియాలు వేయించి, నలిపి, వడ్డించే ముందు పైన. బెల్లం చిటికెడు మీ ఇష్టం, మేం వేయం.

పనిలోపని
చల్లారాక ఆవ అంటారు, నాకు అర్థం కాదు. నేను పొయ్యి మీద ఉండగానే కలిపేస్తాను, బాగానే ఉంటుంది.

కెమిస్ట్రీ_సారు
@పనిలోపని బాగానే ఉంటుంది, ఆవ మాత్రం ఉండదు. ఆవగింజలో ఘాటు ముందే తయారుగా ఉండదు. గింజ నలిగి, తడి తగిలితే లోపలి మైరోసినేజ్ అనే ఎంజైము పని మొదలుపెట్టి ఘాటు పుట్టిస్తుంది. వేడికి ఆ ఎంజైము చచ్చిపోతుంది, పుట్టిన ఘాటు కూడా ఆవిరితో పాటు ఎగిరిపోతుంది. పోపులో చిటపటలాడిన ఆవాలు ముక్కుకి ఎక్కకపోవడానికీ ఇదే కారణం. అందుకే ఆవ చన్నీళ్ళతో నూరాలి, నూరి కొన్ని నిమిషాలు అలా వదిలేయాలి, కూర చల్లారాక కలపాలి. మా ఆవిడ ఇవేవీ చదవకుండానే ఇదంతా కరెక్టుగా చేస్తుంది. నేను చదివి కూడా చేయలేను.

పెద్దక్క_పెనుగొండ
సారు చెప్పింది నిజం. నానబెట్టిన ఎండుమిర్చి, ఉప్పుతో కలిపి నూరుకోండి, అంత చేదెక్కదు. ఉదయం కలిపితే మధ్యాహ్నానికి ఊరి రుచి వస్తుంది. అత్తగారొచ్చే గంట ముందు కలపకండి.

రాగిముద్ద_రాజా
ఉల్లిపాయ, వెల్లుల్లి ఎప్పుడు వేయాలో చెప్పలేదు అక్కా.

పెద్దక్క_పెనుగొండ
వేరే కూర చేసినప్పుడు వేయాలి.

సిల్కుబోర్డు_బాధితుడు
😂😂 థ్రెడ్ ఇక్కడ మూసేయొచ్చు.

బీటీఎం_బాచిలర్
మూసేయకండి, మా బిర్యానీ సంగతి మిగిలుంది. ఆవిడ పారేద్దామనుకుంటున్న ఆ ముదురు కాయ మాకు బంగారం. మొన్నామధ్య మా ఊరి పెళ్ళిలో పనసకాయ బిర్యానీ పెడితే మాంసాహారులు కూడా లైన్లో నిలబడ్డారు. ముక్కలకి ఉప్పు, పసుపు పట్టించి ముందు నూనెలో ఎర్రగా వేయించాలి. తర్వాత పెరుగు, అల్లంవెల్లుల్లి, కారం, గరంమసాలా పట్టించి ఊరనిచ్చి, ఇక మామూలు దమ్ బిర్యానీ పద్ధతే. వేయించకుండా నేరుగా మసాలాలో పడేస్తే ముక్క లోపల చప్పగా ఉంటుంది. లోపల లేత గింజ ఉంటే అదీ ఉంచేయండి, బిర్యానీలో అది దొరికినవాడే రాజు.

పనిలోపని
మా ఆఫీసులో బెంగాలీ అమ్మాయి ఉంది. వాళ్ళు పచ్చి పనసని "చెట్టు మేక" అంటారట. మా ఆయన విని "మేకే తెచ్చుకుంటే పోయేదిగా" అన్నారు.

ధర్మవరం_దాదా
నా గోడు వినండి. ఇక్కడే ఓ తెలుగు పెళ్ళి. మెనూ కార్డు మీద "గోదావరి స్పెషల్ పనసపొట్టు" అని బంగారు అక్షరాలు. తింటే క్యాబేజీ! మొత్తం క్యాబేజీ కాదు, అంత ధైర్యం వాళ్ళకి లేదు. సగం సగం. క్యాటరింగ్ ఆయన్ని అడిగితే "సార్, పనస ఘాటుగా ఉంటుందని బ్యాలెన్స్ చేశాం" అన్నాడు. పనస ఘాటేమిటో, క్యాబేజీ బ్యాలెన్స్ ఏమిటో. పెళ్ళికొడుకు తరఫు పెద్దాయన ఒకరు విస్తరి ముందు నుంచి లేవబోతే నలుగురు పట్టుకుని కూర్చోబెట్టారు.

గోదారి_గట్టు
ఆ పెద్దాయన చేసింది న్యాయం. పట్టుకున్న నలుగురిదే తప్పు.

పుట్టిల్లు_అమలాపురం
ఇవాళ గాంధీబజారు వెళ్ళాను, గుజ్జె దొరికింది! కొట్టాయన చెక్కు తీసి ఇచ్చాడు, అడిగినందుకు కొంచెం ఎక్కువ తీసుకున్నాడు, ఇచ్చేశాను. లోపలంతా తెలుపే. రెండు కిలోల పైనే ఉంది. అంతా ఒకేసారి అవ్వదు. ఫ్రీజర్లో పెట్టొచ్చా? ఇంకో సంగతి, మామగారికి షుగరు. పచ్చి కాయ తింటే పర్వాలేదా? పండు తినకూడదని ఆయనకి తెలుసు, అయినా తింటారు.

పెద్దక్క_పెనుగొండ
పచ్చిది పెట్టకండి. ఉడికించి, పిండి, కూరకి సరిపడా పొట్లాలు కట్టి ఫ్రీజర్లో పెట్టండి. ఆవ మాత్రం ఏ రోజుకారోజు.

కెమిస్ట్రీ_సారు
షుగరు సంగతి. పండిన తొనలు వంద గ్రాముల్లో పిండిపదార్థం సుమారు 23 గ్రాములు, అందులో ఎక్కువ భాగం చక్కెరే. కాబట్టి పండుకి లెక్క ఉండాలి. పచ్చి కాయ వేరు. శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాలలో చేసిన అధ్యయనం ఒకటి 2021లో అచ్చయింది. టైప్-2 షుగరు ఉన్న 40 మందిలో కొందరికి రోజూ 30 గ్రాముల పచ్చి పనస పిండిని, అంతే బియ్యప్పిండికో గోధుమపిండికో బదులుగా, 12 వారాలు ఇచ్చారు. వాళ్ళలో హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగరు లెక్క, మిగతావాళ్ళ కంటే ఎక్కువ తగ్గింది. చిన్న అధ్యయనం అని గుర్తుంచుకోండి. "బదులుగా" అన్న మాట కూడా. అన్నం అన్నంలా తిని పైన పనస తింటే ఏ కాయా కాపాడదు. మందులు మానేయమని ఎవరైనా వాట్సాప్‌లో పంపితే ఆ గ్రూపు మానేయండి.

ఉద్దానం_ఊసులు
సారు చెప్పనిది ఒకటి కలుపుతా. పనసలో పొటాషియం ఎక్కువ. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా తినకూడదు. మా ప్రాంతంలో కిడ్నీ జబ్బుల సంగతి మీ అందరికీ తెలిసిందే. పెరట్లో చెట్టు విరగకాసినా, ఇంట్లో ఒకరు చూస్తూ కూర్చోవాల్సిన ఇళ్ళు మా ఊళ్ళో చాలా ఉన్నాయి.

పుట్టిల్లు_అమలాపురం
@ఉద్దానం_ఊసులు చెప్పినందుకు థాంక్సండీ. మామగారి రిపోర్టులు ఓసారి చూపించి మరీ అడుగుతాను.

మంగళూరు_కోడలు
పండు సంగతి ఎవరూ ఎత్తరేం? మేలో మొదలెడితే మా ఇంట్లో పండు లేని రోజుండదు. ఇక్కడో సామెత ఉంది, "హసిదు హలసు, ఉండు మావు" అని. ఆకలి మీద పనస తినాలి, భోజనం చేశాక మామిడి తినాలి. భోజనం తర్వాత పనస తిన్నవాళ్ళకి ఎందుకో చెప్పక్కర్లేదు.

పండులో రెండు రకాలు. తొన గట్టిగా, కరకరలాడుతూ విడివిడిగా వచ్చేది తినడానికి. మెత్తగా, జారిపోయే గుజ్జు రకం చూసి మనవాళ్ళు మొహం తిప్పుకుంటారు కానీ వంటకి అదే మేలు. నానబెట్టిన బియ్యంతో కలిపి రుబ్బి దోసెలు పోయండి. మినప్పప్పు అక్కర్లేదు, పులియబెట్టక్కర్లేదు. పిండి కాస్త మందంగా, సెగ తక్కువగా ఉండాలి, లేదంటే తీపికి అడుగంటుతుంది. వేడివేడిగా నెయ్యి వేసుకుని తింటే చాలు. అదే గుజ్జులో బియ్యపు రవ్వ, బెల్లం, కొబ్బరి కలిపి అరటాకులోనో టేకాకులోనో చుట్టి ఆవిరి మీద ఉడికిస్తే కడుబు. టేకాకు అయితే పైన ఎర్రటి రంగు కూడా దిగుతుంది.

ముదురు పచ్చి తొనలని ఆవిరి మీద ఉడికించి, మిరపకాయ, ధనియాలు, ఉప్పు వేసి దంచి, అప్పడాలు ఒత్తి ఎండబెడతారు. వానాకాలంలో వేయించుకుని తింటే మన మినప అప్పడాలు కాసేపు మర్చిపోతారు.

గోదారి_గట్టు
@మంగళూరు_కోడలు మినప అప్పడాల జోలికి మాత్రం రాకండి. మిగతావన్నీ ఒప్పుకున్నా.

కొబ్బరాకు_నీడ
ఆకు సంగతి ఎవరూ చెప్పలేదు. మా అంబాజీపేట పొట్టిక్కలు! నాలుగు పనసాకులు కలిపి చీపురు పుల్లలతో గుచ్చి బుట్ట చేసి, ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు వాసన పిండిలోకి దిగుతుంది. బెంగళూరు వచ్చాక ఎన్ని టిఫిన్ సెంటర్లలో అడిగానో, అందరూ నన్ను వింతగా చూశారు. తీరా జయనగర్‌లో ఓ మంగళూరు హోటల్లో "కొట్టె కడుబు" అని తెచ్చి పెడితే, అవే పుల్లలు, అదే ఆకు. ఒక్క కొబ్బరి చట్నీయే తేడా.

మంగళూరు_కోడలు
అవును! మా ఇంట్లో కృష్ణాష్టమికి అవి ఉండాల్సిందే. మా అత్తగారు ఈ బుట్టలు కుట్టడం నేర్పుదామని పిలిస్తే, నేను కూర్చుని ఆవిడకంటే ముందు కుట్టేశాను. నేను గెలిచిన ఒకే ఒక్క రోజు.

రాగిముద్ద_రాజా
గింజలు పారేస్తారా మీరంతా? మా అవ్వ పొయ్యిలో నిప్పుల కింద పెట్టి కాల్చి ఇచ్చేది. ఇక్కడ గ్యాసు మీద ట్రై చేస్తే ఒకటి తుపాకీలా పేలి చిమ్నీకి తగిలింది.

పనిలోపని
గింజకి చివర చిన్న గాటు పెట్టాలి, అప్పుడు పేలదు. కుక్కర్లో ఉప్పేసి ఉడికించడం ఇంకా తేలిక. పైన తెల్ల పెంకు తీసేయండి, లోపలి గోధుమరంగు పొట్టు ఉంచొచ్చు. పులుసులో వేసుకోవచ్చు, వంకాయతో కలిపి కూర వండొచ్చు, తోటకూరతో ఇంకా బావుంటుంది. పచ్చివి మాత్రం తినకూడదు, అరగవు.

సిల్కుబోర్డు_బాధితుడు
వండినవి కూడా కొంతమందికి అరగవు. బొబ్బిలి వీణ పనస చెక్కతోనే చేస్తారని స్కూల్లో చదువుకున్నాం. మా ఇంట్లో గింజల పులుసు తిన్న రాత్రి వీణ ఉండదు, సన్నాయే.

ఉద్దానం_ఊసులు
ఇంగువ, అల్లం ఎక్కువ వేసుకోండి బాబూ. గింజలు ఎక్కువుంటే మా నాయనమ్మ ఇసకలో పూడ్చి దాచేది, వానలన్నీ అయ్యేదాకా పాడయ్యేవి కావు.

ఇద్దరమే_ఇంట్లో
చదువుతుంటే నోరూరుతోంది కానీ, ఇద్దరున్న ఇంట్లో పదిహేను కిలోల పండు ఎలా? బండి వాడి దగ్గర ఒలిచిన తొనలు కొందామంటే ఈగలు. పండు కొంటే మూడు రోజులు ఇల్లంతా అదే వాసన, పక్కింటివాళ్ళు తలుపు కొడతారు.

మంగళూరు_కోడలు
తలుపు కొడితే మంచిదేగా, సగం వాళ్ళకిచ్చేయండి. మా అపార్ట్‌మెంటులో అందరూ అలాగే స్నేహితులయ్యాం.

కెమిస్ట్రీ_సారు
@ఇద్దరమే_ఇంట్లో మీలాంటివాళ్ళ కోసమే చిన్న కాయ రకాలున్నాయి. హెసరఘట్టలో ఐఐహెచ్‌ఆర్, అంటే భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ, "సిద్దు" అనే రకాన్ని వెలుగులోకి తెచ్చింది. తుమకూరు జిల్లాలో ఓ రైతు తోటలోని చెట్టు అది. కాయ సగటున రెండున్నర కిలోలే, తొనలు రాగి ఎరుపు. సీజన్లో హాప్‌కామ్స్, అంటే ఇక్కడి ఉద్యాన రైతుల సహకార సంఘం, వాళ్ళు పెట్టే మామిడి, పనస మేళాల్లో కూడా రకరకాల పళ్ళు దొరుకుతాయి. మేళాకి వెళ్ళినప్పుడు తొన రుచి చూసి కొనండి. వానలు ముదిరాక వచ్చిన పండు నీరెక్కి చప్పగా ఉంటుంది.

బీటీఎం_బాచిలర్
పండిందో లేదో ఎలా చూడాలి సార్? పోయినేడు కొన్నది వారం రోజులు హాల్లో ఉంది. ఫ్రెండ్స్ దాన్ని స్టూలు కింద వాడారు.

ఉద్దానం_ఊసులు
తట్టితే డబడబా బోలుగా మోగాలి. ముళ్ళు పొట్టిగా, వెడల్పుగా, ఎడం ఎడంగా ఉండాలి. ముళ్ళు ఇంకా సూదిగా దగ్గర దగ్గరగా ఉంటే ఆ కాయ చెట్టు మీద ఇంకా ఎదగాల్సింది, దాన్ని ఎన్నాళ్ళు హాల్లో పెట్టినా స్టూలే. వాసన వచ్చిందంటే రెండు రోజుల్లో తినేయాలి. తొందరైతే గోనెసంచిలో చుట్టి వెచ్చగా పెట్టండి.

ధర్మవరం_దాదా
మే రెండో శనివారం దొడ్డబళ్ళాపుర దాటి తూబగెరె వైపు వెళ్తున్నాను. ఆ పక్క పనసకి పేరు, రోడ్డు మీదే రాశులు పోసి అమ్ముతారు. కారు డిక్కీలో నాలుగైదు పడతాయి. కావాల్సినవాళ్ళు గట్టి తొనా, గుజ్జు రకమా ఇక్కడే రాయండి. పనసకాయ దొరికినప్పుడే తద్దినం పెట్టమన్నారు కదా, మళ్ళీ ఎప్పుడు వెళ్తానో తెలీదు.

ఇద్దరమే_ఇంట్లో
నాకొకటి. వీలైనంత చిన్నది, గట్టి తొన. కోరమంగళ.

మంగళూరు_కోడలు
గుజ్జు రకం ఒకటి. అది ఎవరూ అడగరు కాబట్టి బేరమాడండి.

బీటీఎం_బాచిలర్
నాకూ ఒకటి అన్నా. ఈసారి తట్టి చూసి తీసుకో ప్లీజ్.

ధర్మవరం_దాదా
రాసుకున్నా. తెచ్చి ఇస్తా, డబ్బులు అప్పుడే చూసుకుందాం. కోసి ఒలిచి ఇవ్వమని మాత్రం అడగొద్దు. కారు సీటుకి జిగురంటితే మా ఆవిడ నన్ను తూబగెరెలోనే ఉండిపోమంటుంది.